2666 నుంచి 3600 దాకా: పల్నాడు ఎండలో ర్యామ్ ఓవర్‌క్లాకింగ్, నా అనుభవం

సెలవులకి వచ్చిన మా బాబాయి కొడుకు నా పీసీలో గేమ్ ఆడుతూ ఆడుతూ మధ్యలో టాస్క్ మేనేజర్ తెరిచి "అన్నయ్యా, నీ ర్యామ్ ఎంత స్పీడ్‌ది?" అన్నాడు. 3200 రా, ఏం? అన్నా. "మరి ఇక్కడ 2666 అని చూపిస్తందేంటి" అన్నాడు. వాడు బీటెక్ సెకండియర్. నేను ఏళ్ళ తరబడి అదే పీసీ ముందు కూర్చుని ఉద్యోగం చేస్తున్నా, సాఫ్ట్‌వేర్ అని నలుగురికీ చెప్పుకుంటున్నా, ఒక్కరోజు కూడా ఆ లైన్ వంక చూళ్ళేదు. ఈ నంబర్లు ర్యామ్ సెకనుకి ఎన్ని మిలియన్లసార్లు డేటా పంపుతుందో చెప్పే లెక్క. డబ్బులు 3200కి పోసి ఇన్నాళ్ళూ 2666 వాడుకున్నా అన్నమాట.

పీసీ గురించి చెప్పాలి. 2020 మొదట్లో హైదరాబాద్‌లో ఉన్నప్పుడు సికింద్రాబాద్ పార్క్‌లేన్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో నాలుగు షాపులు తిరిగి బేరమాడి కొన్నది. రైజెన్ 5 3600, జీటీఎక్స్ 1660 సూపర్, 8 జీబీ స్టిక్స్ రెండు, బీ450 చిప్‌సెట్ బోర్డు. ఆ బోర్డు ఆ షాపులో ఉన్నవాటిల్లో అన్నిటికంటే చౌకది, మిగిలిన డబ్బులు గ్రాఫిక్స్ కార్డుకి పెడదామని దాని దగ్గర కక్కుర్తి పడ్డా. రెండే ర్యామ్ స్లాట్లు, వీఆర్‌ఎం (ప్రాసెసర్‌కి కరెంటు సరిచేసి ఇచ్చే భాగం) మీద హీట్‌సింక్ లేదు, బూట్ ఎక్కడ ఆగిందో చూపించే డీబగ్ లైట్లు లేవు. కంపెనీ పేరు చెప్పను, కింద దాన్ని కాస్త తిట్టాల్సి ఉంది. లాక్‌డౌన్‌లో పీసీని దుప్పట్లో చుట్టి కారు వెనక సీట్లో పెట్టుకుని నరసరావుపేట వచ్చేశా, అప్పట్నుంచి ఇక్కడే.

సంగతేంటంటే స్టిక్కర్ మీదున్న స్పీడ్ దానంతటదే రాదు. బోర్డు మొదటిసారి ఆన్ అయినప్పుడు జెడెక్ (మెమరీ ప్రమాణాలు పెట్టే సంస్థ) స్టాండర్డ్ ప్రకారం 1.2 వోల్టుల దగ్గర ఎక్కడైనా నడిచే సేఫ్ స్పీడ్ పెట్టేసుకుంటుంది, నా స్టిక్స్‌కి అది 2666. స్టిక్కర్ మీది 3200, సీఎల్16 (అడిగిన డేటా రావడానికి ఎన్ని క్లాక్‌లు పడుతుందో ఆ లెక్క, తక్కువైతే మంచిది), 1.35 వోల్టులు అనేవి స్టిక్ మీదే ఉండే ఓ చిన్న చిప్‌లో ఎక్స్‌ఎంపీ ప్రొఫైల్‌గా రాసుంటాయి, మనమే బయోస్‌లోకెళ్ళి (విండోస్ కంటే ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగ్స్) ఆన్ చెయ్యాలి, కొన్ని బోర్డుల్లో దాన్నే డీఓసీపీ అంటారు. షాపువాడు చెయ్యలేదు, నేనూ అడగలేదు. డిలీట్ నొక్కి బయోస్‌లోకెళ్ళి ఆన్ చేసి ఎఫ్10 కొడితే రెండు నిమిషాల పని. ఐడా64 అనే టెస్ట్ ప్రోగ్రాంలో చూస్తే రీడ్ స్పీడ్ సెకనుకి 39 జీబీ నుంచి 47కి వెళ్ళింది, లేటెన్సీ, అంటే డేటా కోసం ఎదురుచూసే టైమ్, 86 నానోసెకన్ల నుంచి 76కి దిగింది. అది చూశాక ఊరుకుని అన్నం తిని పడుకోవచ్చు. కానీ పక్కన వాడున్నాడే, "అన్నయ్యా రైజెన్‌కి 3600 అయితే స్వీట్ స్పాట్ అంట" అన్నాడు. అంటే స్టిక్కర్ మీదున్నదానికంటే ఎక్కువ స్పీడ్‌కి తోలడం, దాన్నే ఓవర్‌క్లాకింగ్ అంటారు.

వాడన్నది నిజమే. రైజెన్ 3000 సిరీస్‌లో ప్రాసెసర్ లోపల ఇన్ఫినిటీ ఫాబ్రిక్ అని ఓ దారి ఉంటుంది, కోర్లూ మెమరీ కంట్రోలరూ మాట్లాడుకునేది దాని మీదే, దాని క్లాక్ పేరు ఎఫ్‌సీఎల్‌కే. డీడీఆర్ అంటే క్లాక్‌కి రెండుసార్లు డేటా కాబట్టి 3600 ర్యామ్ అసలు క్లాక్ 1800, ఫాబ్రిక్ కూడా 1800 పెడితే రెండూ అడుగులో అడుగేసి నడుస్తాయి. ఈ తరం చిప్స్‌లో చాలావాటికి ఫాబ్రిక్ 1800 దాటాక కష్టం, 1900 అయితే అదృష్టవంతులకే. ఫాబ్రిక్‌ని వదిలేసి ర్యామ్ ఒక్కదాన్నే ఇంకా పైకి తీసుకెళ్తే మెమరీ కంట్రోలర్ సగం క్లాక్‌కి పడిపోయి లేటెన్సీ ఎదురు పెరుగుతుంది, అంటే 4000 పెట్టి 3200 కంటే నత్తలా నడిపించుకోవడం. ఏదేమైనా ఏఎండీలో చౌక బోర్డుకి కూడా ఈ ఆట ఆడుకునే వీలిచ్చారు. మా బావ పీసీ ఐ5 10400, హెచ్510 బోర్డు, అందులో 3200 ర్యామ్ పెట్టినా 2666 దాటదు, తాళం వేసేశారు. ఆయన ఇప్పటికీ "నాది 3200" అనే అంటాడు, నేను చెప్పలేదు, ఎందుకు బాధపెట్టడం.

ముందు చిప్స్ ఎవరివో తెలుసుకోవాలి. స్టిక్ మీద పేరు ఎవరిదైనా లోపలి మెమరీ చిప్స్ చేసేది శాంసంగ్, మైక్రాన్, హైనిక్స్ లాంటి కొద్దిమందే. తైఫూన్ బర్నర్ అనే ప్రోగ్రాంతో చూస్తే నావి మైక్రాన్ ఈ-డై అని తేలింది. అందరూ కలలుగనే శాంసంగ్ బీ-డై కాదు కానీ చౌకలో దొరికేవాటిల్లో మంచి బ్రీడే. దీని గుణం ఏంటంటే వోల్టేజ్ పెంచేకొద్దీ సీఎల్ దిగుతుంది కానీ టీఆర్‌సీడీ (మెమరీలో ఒక వరస తెరవడానికి పట్టే క్లాక్‌లు) మాత్రం ఎన్ని వోల్టులు పోసినా మొండికేస్తుంది, 3600 దగ్గర 19కో 20కో కూర్చుంటుంది. సీఎల్, టీఆర్‌సీడీ లాంటి ఈ నంబర్లనే టైమింగ్స్ అంటారు, వరసగా రాస్తారు. ఇది తెలియక నేను మొదటి రోజంతా 16-16-16 అని కొట్టుకున్నా.

మొదటి ప్రయత్నం చెప్తా. రైజెన్ డీర్యామ్ కాలిక్యులేటర్ అని ఒకటుంది, అందులో చిప్ పేరు, స్పీడ్ ఇస్తే టైమింగ్స్ మొత్తం పట్టిక ఇస్తుంది. ఫాస్ట్ అనే బటన్ ఉంది కాబట్టి ఫాస్ట్ నొక్కి, ఇరవైపైగా నంబర్లు ఫోన్‌లో ఫొటో తీసుకుని ఒక్కోటీ బయోస్‌లో ఎక్కించా. ఈ బయోస్‌లో ర్యామ్ వోల్టేజ్ ఒక పేజీలో, టైమింగ్స్ ఇంకో పేజీలో, ఎఫ్‌సీఎల్‌కే మాత్రం నాలుగు మెనూల అడుగున "మీ పూచీ మీదే" అన్నట్టు ఓ హెచ్చరిక దాటాక ఉంటుంది, పైగా అదే సెట్టింగ్ రెండు చోట్ల ఉంది, రెండిట్లో వేరే వేరే ఉంటే ఏది లెక్కో దేవుడికెరుక. సేవ్ చేశా. ఫ్యాన్లు తిరిగాయి, కీబోర్డు లైటు వెలగలేదు, మానిటర్ నో సిగ్నల్ అంది. ఐదు సెకన్లకి ఆగిపోయింది, మళ్ళీ తిరిగింది, మళ్ళీ ఆగింది. మంచి బోర్డులైతే మూడుసార్లు ప్రయత్నించి కుదరకపోతే పాత సెట్టింగ్స్‌కి వచ్చేస్తాయి. నాది పది నిమిషాలు అలా ఊపిరి తీస్తూ వదుల్తూ కూర్చుంది. అమ్మ తలుపు దగ్గర నిలబడి "ఏరా, పాడు చేశావా?" అంది. లేదమ్మా, సెట్ అవుతోంది అన్నా. మా వాడు అప్పటికే మెల్లగా బయటికి జారుకున్నాడు.

ఇక సీమోస్ క్లియర్ చెయ్యాలి, అంటే బయోస్ సెట్టింగ్స్ అన్నీ చెరిపేసి మొదటికి తేవాలి. దానికి బోర్డు మీద రెండు పిన్నులుంటాయి, అవి పెట్టాల్సిన చోటు ఇంకెక్కడా దొరకనట్టు గ్రాఫిక్స్ కార్డు కింద పెట్టారు. బటన్‌బిళ్ళ బ్యాటరీ కూడా దాని కిందే. కార్డు తియ్యాలంటే స్లాట్ చివరున్న లాచ్ నొక్కాలి, ఆ సందులోకి నా వేలు పట్టదు, స్క్రూడ్రైవర్ పెడితే జారి బోర్డు గీసుకుపోతుందని భయం. వంటింట్లోంచి చెక్క గరిటె తెచ్చి దాని తోకతో లాచ్ నొక్కి కార్డు పీకా. పవర్ సప్లై వెనక స్విచ్ ఆపి, పవర్ బటన్ ఒకసారి నొక్కి మిగిలిన కరెంటు పోనిచ్చి, టెస్టర్ మొన రెండు పిన్నులకీ ఆనించి పది లెక్కపెట్టా. మళ్ళీ కార్డు బిగించి ఆన్ చేస్తే వచ్చింది, 2666తో, గడియారం వెనక్కిపోయి.

ఆ రోజు అదే పని నాలుగుసార్లు చేశా. అయిదోసారి ఓపిక చచ్చి, అటక మీదున్న పాత క్యాబినెట్ రీసెట్ స్విచ్‌ని వైరుతో సహా పీకి దాని కనెక్టర్‌ని ఆ రెండు పిన్నుల మీద గుచ్చేసి వైరు బయటికి లాగి పెట్టా. ఇక పవర్ ఆపి ఆ స్విచ్ నొక్కితే చాలు, కార్డు తియ్యక్కర్లేదు. ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన తెలివైన పని అదొక్కటే అని ఇప్పటికీ నమ్ముతా, చౌక బోర్డుతో ఈ పనికి దిగేవాళ్ళు ముందు అది చేసుకుని తర్వాత మిగతావి మొదలుపెట్టండి.

రెండో రోజు పద్ధతిగా వెళ్ళా. ముందు టైమింగ్స్ అన్నీ వదులుగా, 20-22-22-42 పెట్టి స్పీడ్ మాత్రం 3600, ఎఫ్‌సీఎల్‌కే 1800, ర్యామ్‌కి 1.38, ఎస్‌ఓసీ (ప్రాసెసర్‌లో మెమరీ కంట్రోలర్ ఉండే భాగం) వోల్టేజ్ 1.1. బూట్ అయింది. రెండే స్లాట్లని ఇన్నాళ్ళూ తిట్టుకున్నా కదా, ర్యామ్ ఓవర్‌క్లాక్ విషయంలో అదే కలిసొచ్చిందని తర్వాత చదివా, నాలుగు స్లాట్ల చౌక బోర్డులో సిగ్నల్ వెళ్ళే రాగి గీతలు పొడుగు, ఖాళీ స్లాట్ల దగ్గర సిగ్నల్ తిరిగి కొడుతుంది, రెండింటిలో ఆ గొడవ తక్కువ. అక్కణ్ణుంచి సీఎల్ 18, తర్వాత 16. మధ్యలో 17 పెడితే విండోస్‌లో జెన్‌టైమింగ్స్ అనే ప్రోగ్రాం 18 చూపించింది, ఏంట్రా అనుకుంటే బయోస్‌లో గేర్ డౌన్ మోడ్ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే బేసి సీఎల్ పనికిరాదంట, దానంతటదే పై సరిసంఖ్యకి వెళ్ళిపోతుంది. ఆ మోడ్ ఆపితే నా బోర్డు బూట్ కాదు, సరే ఉండనిచ్చా. చివరికి 16-19-19-38 దగ్గర ఆగింది. 3200 సీఎల్16 అన్నా 3600 సీఎల్18 అన్నా నానోసెకన్లలో లెక్కేస్తే రెండూ సరిగ్గా 10, 3600 సీఎల్16 అయితే 8.9, అందుకే ఆ 16 కోసం పాకులాట.

సాయంత్రానికి బాగానే ఉంది. అప్పుడు ఆగాల్సింది. 3800 కొట్టా, రాలేదు. 3733, ఫాబ్రిక్ 1866 కొట్టా, వచ్చింది. టెస్ట్ ప్రోగ్రాం ఇరవై నిమిషాలు నడిపి, ఎర్రర్ లేదు కదా అని ఆపేసి, రెండు రోజులు గేములాడుకున్నాం, ఎక్కడా ఆగలేదు, ఒక్కసారి మాత్రం పాట వింటుంటే చిటపటమంది, హెడ్‌ఫోన్ పిన్ అనుకున్నా.

ఆ రెండు రోజుల్లోనే చెల్లి పెళ్ళి ఫొటోల హార్డ్ డిస్క్ వచ్చింది. అరవై జీబీ, నాలుగు వేల పైచిలుకు ఫొటోలు. కాపీ చేసుకుని డిస్క్ ఫొటోగ్రాఫర్‌కి తిరిగిచ్చేశా. రాత్రి అందరం టీవీకి పెట్టుకుని చూస్తున్నాం, తలంబ్రాల ఫొటో వచ్చింది, పైన పందిరి, పూలు, చెల్లి నవ్వు, బావగారి బాసికం అన్నీ చక్కగా ఉన్నాయి, సరిగ్గా వాళ్ళ భుజాల దగ్గర ఓ గీత, అక్కణ్ణుంచి కిందకి మొత్తం బూడిద. నాన్న "టీవీ పోయిందేమో" అన్నారు. తర్వాత ఫొటో బాగానే ఉంది. ఇంకో ఇరవై దాటాక అప్పగింతల ఫొటో ఒకటి, సగం నుంచి అందరూ గులాబీ రంగులోకి మారి పక్కకి జరిగిపోయారు. నాకు అర్థమైపోయింది, కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టయింది. కాపీ చేసే ప్రతి ఫైలూ ర్యామ్‌లోంచే వెళ్తుంది, అక్కడ ఒక్క బిట్ తిరగబడితే చాలు, జేపెగ్ ఫైల్‌లో ఆ తర్వాతి డేటా అంతా వరస తప్పి మిగిలిన బొమ్మ పోతుంది. మొత్తం వెతికితే పదకొండు ఫొటోలు.

పొద్దున్నే ఫొటోగ్రాఫర్‌కి ఫోన్ చేశా. "అన్నా, ఆ డిస్క్ ఇంకా ఫార్మాట్ చెయ్యలేదు కదా?" "ఇయ్యాల మాచర్లలో పెళ్ళుంది తమ్ముడూ, బయల్దేరే ముందు చేద్దామని పక్కన పెట్టా, ఏమైంది?" ఏం లేదన్నా వస్తున్నా ఆగు అని బండి తీశా. పీసీని 3200కి దించి మళ్ళీ కాపీ చేసి, రెండు వైపులా హాష్ (ఫైల్ మారిందో లేదో తేల్చే లెక్క) సరిపోల్చుకుని అప్పుడిచ్చా డిస్క్. ఇంట్లో వాళ్ళకి కేబుల్ లూజ్ అని చెప్పా.

మెమ్‌టెస్ట్86 పెన్‌డ్రైవ్‌లో వేసి అదే 3733 సెట్టింగ్ మీద విండోస్‌తో పని లేకుండా నేరుగా బూట్ చేస్తే మొదటి పాస్ పూర్తవకుండానే ఎర్ర గీతలు. గేమ్ ఆగలేదంటే స్టేబుల్ అనుకోవడం ఎంత తప్పో చూడండి, గేమ్‌లో ఓ గోడ మీద చుక్క రంగు మారితే ఎవరికి తెలుస్తుంది, ఫైల్ పోతే తెలుస్తుంది. అప్పట్నుంచి పద్ధతి మార్చా, కొత్త సెట్టింగ్ ఏది పెట్టినా ముందు మెమ్‌టెస్ట్86, ఫ్రీ వెర్షన్ నాలుగు పాసులిస్తుంది, అవి అయ్యాకే విండోస్‌లోకి, అక్కడ టెస్ట్‌మెమ్5 అనే ఇంకో టెస్ట్ ప్రోగ్రాంలో అంటా777 ఎక్స్‌ట్రీమ్ అనే కాన్ఫిగ్, 16 జీబీకి నాకు దాదాపు రెండు గంటలు పడుతుంది, అది దొరకబట్టే ఎర్రర్లు మెమ్‌టెస్ట్86కి చాలాసార్లు దొరకవు. ఇవి నడిచేటప్పుడు పనికొచ్చే ఫైల్ ఏదీ తెరిచి ఉండకూడదు. కరెంటు సంగతి సరేసరి, ఇన్వర్టర్ ఉంది కాబట్టి బతికా.

3600కి వచ్చేశా. ఇక మిగిలింది టీఆర్‌ఎఫ్‌సీ, నా కథలో అసలు విలన్. ర్యామ్‌లో ఒక్కో బిట్ అంటే ఓ బుల్లి కెపాసిటర్‌లో నిలిచే ఛార్జ్, అది కారిపోతూ ఉంటుంది, చిల్లు కుండలో నీళ్ళలాగా, అందుకని కంట్రోలర్ సగటున ప్రతి 7.8 మైక్రోసెకన్లకి ఒకసారి పని ఆపి కొన్ని వరసల్ని మళ్ళీ నింపుకుంటూ వస్తుంది. ఆ నింపడానికి ఇచ్చే టైమే టీఆర్‌ఎఫ్‌సీ. ఆటోలో వదిలేస్తే 3600 దగ్గర 630 క్లాక్‌లు, అంటే 350 నానోసెకన్లు. అంత అక్కర్లేదు, తగ్గిస్తే ఆ మేరకి ర్యామ్ మనకి అందుబాటులో ఉంటుంది. నేను 504 పెట్టా, 280 నానోసెకన్లు. రాత్రి పదకొండుకి టెస్ట్ మొదలుపెట్టి పడుకున్నా, పొద్దున్నే చూస్తే సున్నా ఎర్రర్లు. ఇంకోసారి రాత్రి నడిపా, సున్నా. ఇక అయిపోయిందని మా వాడికి స్క్రీన్‌షాట్ పంపా, వాడు అప్పటికి ఊరెళ్ళిపోయాడు.

అనుమానం పోక మూడో రోజు మధ్యాహ్నం కూడా నడిపా. మే నెల. రెంటచింతల మాకు ఎంతో దూరం కాదు, ఎండలంటే పేపర్లో ముందు దాని పేరే వస్తుంది, అర్థం చేసుకోండి. గదిలో ఏసీ లేదు. రెండున్నరకి చూస్తే మూడు ఎర్రర్లు. ఆపి మళ్ళీ పెట్టా, ఐదు. సాయంత్రం ఏడింటికి పెట్టా, సున్నా. వోల్టేజ్ చాలట్లేదేమో అని మర్నాడు 1.38 నుంచి 1.42కి పెంచా, మధ్యాహ్నం తొమ్మిది ఎర్రర్లు, ఎక్కువైనాయి. అప్పుడు బుర్రకెక్కింది, వేడి. వేడెక్కేకొద్దీ ఆ ఛార్జ్ తొందరగా కారుతుంది, వోల్టేజ్ పెంచి నేను ఇంకా వేడి చేస్తున్నా, పైగా కింద గ్రాఫిక్స్ కార్డు వదిలే గాలంతా ర్యామ్ మీదుగానే పైకి పోతుంది. నా స్టిక్స్‌కి టెంపరేచర్ సెన్సర్ లేదు, సైడ్ ప్యానెల్ తీసి వేలితో ముట్టుకుంటే అప్పుడే దించిన ఇడ్లీ పాత్ర అంచులా ఉంది.

ప్యానెల్ తీసేసి టేబుల్ ఫ్యాన్ తెచ్చి క్యాబినెట్‌కి ఎదురుగా పెట్టా. వోల్టేజ్ మళ్ళీ 1.38. మధ్యాహ్నం రెండు గంటల టెస్ట్ సున్నా ఎర్రర్లతో పాసైంది. ఆ ఫ్యాన్ అమ్మది. "మనుషులు ఉడికిపోతుంటే పెట్టెకి గాలి వేస్తున్నావా, దానికేమన్నా చెమటలు పడుతున్నాయా?" అంది. నిజంగా అదేనమ్మా సమస్య అని చెప్దామనుకుని ఊరుకుని ఫ్యాన్ తిరిగిచ్చేశా. ఫ్యాన్ లేకుండా నిలబడాలంటే నంబరే మార్చాలి. 540 పెట్టా, మధ్యాహ్నం రెండు గంటల్లో ఒకటే ఎర్రర్. ఒకటే కదా అనిపిస్తుంది చూడండి, తలంబ్రాల ఫొటో గుర్తుచేసుకున్నా. 576 పెట్టా, 320 నానోసెకన్లు. మూడు మధ్యాహ్నాలు వరసగా, ప్యానెల్ మూసి, పక్కన గేమ్ బెంచ్‌మార్క్‌తో గ్రాఫిక్స్ కార్డు కూడా వేడెక్కించి మరీ నడిపా. సున్నా, సున్నా, సున్నా. 504కీ 576కీ లేటెన్సీలో తేడా ఎంతనుకున్నారు, అర నానోసెకను కూడా లేదు. దాని కోసం వారం పోయింది.

లాభం ఏంటని అడుగుతారు. ఐడా64లో రీడ్ 52 జీబీ, లేటెన్సీ 68, అంటే 2666 మీద పద్దెనిమిది నానోసెకన్లు తగ్గింది. రైట్ స్పీడ్ మాత్రం 29 దాటదు, చూసి కంగారుపడకండి, ఒకే చిప్లెట్ (కోర్లుండే చిన్న చిప్) ఉన్న 3600 లాంటి ప్రాసెసర్లో రైట్ దారి రీడ్ దారిలో సగం వెడల్పే. వాలరెంట్ లాంటి ప్రాసెసర్ మీద ఆధారపడే గేముల్లో సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఫ్రేములు) కొంచెమే పెరిగింది కానీ మధ్యమధ్యలో వచ్చే కుదుపు తగ్గింది, అది చేతికి తెలుస్తుంది. సెట్టింగ్స్ అన్నీ హైలో పెట్టి ఆడే పెద్ద గేముల్లో తేడా సున్నా, అక్కడ అడ్డం గ్రాఫిక్స్ కార్డే. ఆఫీసు పనిలో నాకైతే ఏమీ తెలియలేదు. నిజం చెప్పాలంటే ఈ మొత్తం లాభంలో సగానికి పైగా మొదటి రోజు రెండు నిమిషాల్లో ఎక్స్‌ఎంపీ ఆన్ చేసినప్పుడే వచ్చేసింది.

ఇప్పుడు ఆ నంబర్లన్నీ ఓ కాగితం మీద రాసి సైడ్ ప్యానెల్ లోపలివైపు అంటించా, బయోస్ ఎప్పుడన్నా మొత్తం మర్చిపోతే మళ్ళీ ఎక్కించుకోవచ్చని. ఒక్క చిక్కు మాత్రం మిగిలింది, ఎప్పుడన్నా కరెంటు చాలాసేపు పోయి ఇన్వర్టర్ కూడా దిగిపోయి వచ్చాక మొదటిసారి ఆన్ చేస్తే బోర్డు ఒకసారి ఆగి, ఐదు సెకన్లు ఆలోచించి, మళ్ళీ దానంతటదే లేస్తుంది. వోల్టేజ్ మార్చి చూశా, పోలేదు, నెలకోసారి వస్తుంది. ఆ ఐదు సెకన్లూ నా చెయ్యి మాత్రం వెనకనున్న రీసెట్ స్విచ్ వైరు మీదకి పోతుంది.